మా వదిన రాయని పరీక్ష

మా వదిన పోయింది. నాగర్‌కర్నూలులో మా ఆఫీసు ఫోను మోగితే అటెండరు తీసి, కర్నూలు నుంచి మీకే సార్ అన్నాడు. అవతల మా అన్న. ఆయనకు ఫోనులో మాట్లాడడం రాదు. ఎప్పుడు మాట్లాడినా వాగు అవతలి మనిషిని పిలిచినట్టు అరుస్తాడు. ఆ రోజు మాత్రం మెల్లగా, "తమ్మీ, మీ వదిన లేదురా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏమన్నాడో నేనేమన్నానో గుర్తు లేదు. ఎవరో నన్ను బస్టాండు దాకా తీసుకొచ్చి గద్వాల బస్సు ఎక్కించారు.

పదకొండో రోజున గద్వాలలో మా ఇంటి గోడకు ఆమె ఫోటో పెద్దది చేయించి పెట్టారు. స్టూడియో అతను దాని కింద తెల్ల రంగుతో జననం, మరణం అని తేదీలు రాశాడు. జననం తేదీ ఆమె పదో తరగతి సర్టిఫికెట్టు చూసి రాశాడట. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాలకు వచ్చిన చుట్టాల ముందే గొడవ పెట్టుకున్నాను. ఆ తేదీ మా వదినది కాదు. ఆమె ఆ తేదీ తర్వాత ఇంకా రెండేళ్ళకు గానీ పుట్టలేదు. అన్న నా భుజం మీద చేయి వేసి, ఉండనియ్యి రా, ఇప్పుడేం చేస్తాం అన్నాడు. నిజమే, ఇప్పుడేం చేస్తాం! కానీ మా వదినకు అందవలసింది అందకుండా చేసినవి ఆ రెండేళ్ళే. ఫోటో మీద దిద్దలేనిది ఇక్కడైనా దిద్దుదామని రాస్తున్నాను.

ఆమెది అమరచింత. అక్కడ పుట్టిల్లూ మగ్గాల ఇల్లే, ఇక్కడ అత్తిల్లూ మగ్గాల ఇల్లే. ఎనభైల నడుమ ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి మాకు అమ్మ లేదు. ఇంటర్ పాసైన కోడలు మా వీధిలో ఆమె ఒక్కతే. అందుకని మొదట్లో నేను కొంచెం భయపడ్డాను, ఈమె మనతో కలుస్తుందా అని. వచ్చిన వారంలోనే నా డిగ్రీ పుస్తకాలన్నీ తిరగేసి, "ఏంది తమ్మీ, గీతలు కొట్టుడే గాని సదివినట్టు లేదు" అంది. భయం పోయింది, సిగ్గు పట్టుకుంది.

గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. రెండింటినీ కలిపి నేసే పని ఒక్కరితో కాదు. నేసే మనిషి పక్కన ఇంకొకరు కూర్చుని పట్టు పోగు చుట్టి ఉన్న అంచు నాడె అందిస్తూ ఉండాలి. మా ఇంట్లో అన్న నేస్తే వదిన అందించేది. నేను ఉద్యోగం లేక గడప దగ్గర కూర్చుని గ్రూపు పరీక్షల కోసం జనరల్ నాలెడ్జి చదివేవాణ్ణి. ఒకరోజు ఆమె, మనసులో ఎందుకు చదువుకుంటావు, మాకూ వినబడనివ్వు అంది. అట్లా మొదలైంది. నేను ప్రశ్న, దాని కింది నాలుగు జవాబులు చదివేవాణ్ణి. ఆమె చేతిలో నాడె ఆగకుండానే సరైనది చెప్పేది. రేవులు, రాజధానులు, ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు, ఏ రాజు ఏ యుద్ధంలో ఓడాడు. తెలియకపోతే నోరు నిండా "తెల్వదు" అనేది. ఆ మాట అంత ధీమాగా అనే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మర్నాటికి మాత్రం అది తెలిసి ఉండేది.

తప్పు చెప్తే ఆమెకో నియమం ఉండేది. ఆ పూట అన్నం తినేలోపల సరైన జవాబును బయటివాళ్ళు ఎవరికైనా చెప్పాలి. చదివింది తన దగ్గరే పెట్టుకుంటే మురిగిపోతుందని ఆమె మాట. పెరుగు అమ్మే అవ్వ గంప దించీ దించకముందే, లోకంలో అన్నిటికన్నా పొడుగు నది ఏదో చెప్పమని అడిగేది. అవ్వ నవ్వితే తనే చెప్పేది. కొన్నాళ్ళకు ఆ అవ్వ వీధి మలుపు తిరుగుతూనే, ఇయ్యాల ఏం తప్పు చెప్పినవు బిడ్డా అని కేకేయడం మొదలుపెట్టింది. వీధి వీధంతా నవ్వేది. వదిన కూడా నవ్వేది, నవ్వి తప్పు ఒప్పుకునేది.

మా అన్న ఈ గొడవలోకి వచ్చేవాడు కాదు. చూపు పోగుల మీద, చెవి ఎక్కడో. ఒకసారి ఆస్ట్రేలియా రాజధాని ఏదని చదివాను. వదిన ఆ రోజు జ్వరంతో ఉండి సిడ్నీ అంది. మగ్గం గుంతలోంచి "కాన్‌బెర్రా" అని అన్న గొంతు వినిపించింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన మాత్రం మామూలుగా నేసుకుంటూనే ఉన్నాడు. వదినకు జ్వరం తగ్గిందో లేదో గానీ ఆ పూటంతా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఒక చలికాలం పొద్దున రేడియో వార్తల్లో సోవియట్ యూనియన్ ఇక లేదని చెప్పారు. నా ఏడుపు నాది, కష్టపడి సంపాదించిన పుస్తకం పాతబడిపోయిందని. వదిన దిగులు వేరు. అన్నదమ్ములు వేరుపడిన ఇంటి గురించి బాధపడినట్టు బాధపడింది. గంత పెద్ద దేశం గిట్లనే పోతదా అని అన్నను అడిగింది, ఆయనేదో చేసినట్టు. రెండు రోజులయ్యాక కొంగు బిగించి కొత్త దేశాల రాజధానులు పట్టుకుంది. జొన్న రొట్టె తడుతూ దుషాంబే, బిష్కెక్, తాష్కెంట్ అని తాళం వేసుకునేది. అప్పుడే మాటలు నేరుస్తున్న ఆమె కూతురు అదేదో ఆట పాట అనుకుని వీధిలో దుషాంబే దుషాంబే అని గంతులేసేది.

ఇదంతా కాలక్షేపం అనుకున్నారేమో, కాదు. మా వదినకు ఉద్యోగం కావాలి. ఎవరూ లేనప్పుడు ఒకసారి నాతో చెప్పింది. "చీర నేస్తే చీర పోతది, తమ్మీ. నా పేరు మీద ఒక కుర్చీ ఉండాలె." నాడె అందించే మనిషి పేరు ఏ చీర మీదా ఉండదు కదా. ఆమె ఆ మాట నవ్వుతూ అనలేదు. అప్పట్నించి నేను చదివేటప్పుడు నా కోసం సగం, ఆమె కోసం సగం చదివాను.

ఆ రోజుల్లో నోటిఫికేషన్ కోసం వానకు చూసినట్టు చూసేవాళ్ళం. ఏళ్ళకేళ్ళు పడలేదు. పడేసరికి చూస్తే, వెనుకబడిన తరగతుల సడలింపు కలుపుకున్నా, కాగితం ప్రకారం మా వదిన వయసు దాటిపోయింది. నిజం ప్రకారం చూస్తే ఇంకా మిగిలే ఉంది.

ఆ తేడా ఎట్లా వచ్చిందంటే, వాళ్ళ నాన్న ఆమెను అక్కతోపాటే బడిలో వేశాడు. అప్పట్లో సారు పిల్లల వయసు చేతితో కొలిచేవాడు. కుడి చేయి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి ముట్టుకోవాలి. అందితే ఒకటో తరగతి, అందకపోతే ఇంటికి. అక్కకు అందింది, ఈమెకు అందలేదు. పెద్దపిల్లను ఒక్కదాన్నే అంత దూరం పంపనని వాళ్ళమ్మ పట్టు. చిన్నదాన్ని ఆపితే ఇంట్లో నూలు కండెలు చుట్టడంలో పడిపోయి ఇక బడికి రాదని తండ్రి భయం. ఈ పిల్లకూ బడి ఈడు వచ్చింది సారూ, పుట్టుకే పొట్టి అని బతిమాలాడట. సారు మంచివాడు, రెండేళ్ళు ఎక్కువ వేసి రాసుకున్నాడు. అట్లా ఆడపిల్లలిద్దరూ చేయీ చేయీ పట్టుకుని బడికి పోయారు.

నేను ఊరుకోలేదు. కోర్టు దగ్గర ఒక వకీలును పట్టుకున్నాను. తండ్రి వచ్చి, ఆనాడు అబద్ధం చెప్పానని ప్రమాణం చేస్తే ప్రయత్నించవచ్చు, ఖాయమని మాత్రం చెప్పలేను అన్నాడు. నాకు ఆ మాత్రం చాలు. వెంటనే అమరచింతకు కబురు పంపాను. ఆ పెద్దాయన మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. భుజం మీది తువ్వాల చేతిలో నలుపుతూ కూతురి ఎదుట నిలబడి, "ఏ సారు ముంగట చెప్పమంటే ఆ సారు ముంగట చెప్త, బిడ్డా. తప్పు నేనే చేసిన అని చెప్త" అన్నాడు.

వదిన ఆయన చేతిలోని తువ్వాల తీసుకుని మళ్ళీ ఆయన భుజం మీద వేసింది. "నువ్వు తప్పు చేసినవని ఎవరు చెప్పిన్రు నాయినా? నువ్వు గట్ల రాపియ్యకుంటే నేను బడి మొఖం చూస్తుంటినా? ఒద్దు. ఎవరి ముంగటా చెప్పకు."

ఆయన గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు. నేను ఆ పూట వదిన మీద విరుచుకుపడ్డాను. నీ కుర్చీ నువ్వే తన్నేసుకుంటున్నావన్నాను. తండ్రి పరువు నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోతారు, ఉద్యోగం మళ్ళీ రాదన్నాను. ఆమె తండ్రికి అన్నం పెట్టడానికి లోపలికి పోయింది. అన్నను అడిగితే ఆమె ఇష్టం అన్నాడు. నాకు ఇవాళ్టికీ ఒప్పుదల లేదు. ఆమె చేసింది గొప్ప పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు పరీక్ష రాయాలని ఎంత ఉండేదో నాకు తెలుసు గనుక ఒప్పుకోను.

పరీక్ష మహబూబ్‌నగర్‌లో. వదిన నాతో వస్తానంది. రొట్టెలు కట్టుకుని వచ్చి, నేను రాసినంతసేపూ గేటు బయట గోడ నీడలో కూర్చుంది. బయటికి రాగానే ఎట్లా రాశావని కూడా అడగలేదు, ప్రశ్నపత్రం కోసం చేయి చాపింది. తిరుగు బస్సులో ఆ పత్రం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ప్రశ్నకూ మెల్లగా జవాబు చెప్పుకుంటూ పోయింది. వనపర్తి దాటేదాకా సాగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ వింటున్నాను. నేను తప్పు రాసినవి ఆమె నోట ఒప్పు అవుతున్నాయి. అయిపోయాక పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టి, ఉద్యోగం నీదే పో అంది. తర్వాత ఊరు వచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోలేదు.

ఆమె అన్నట్టే వచ్చింది. వనపర్తిలో చేరడానికి బయలుదేరుతుంటే నన్ను ఒకటే అడిగింది, మొదటి రోజు కుర్చీలో కూర్చుంటే ఎట్లా ఉంటుందో వచ్చి చెప్పమని. ఆదివారం వచ్చి, ఏముంది వదినా, దుమ్ము, ఫైళ్ళు, కుంటి కుర్చీ అన్నాను. ఆమెకు అది సరిపోలేదు. బల్లకు అరలు ఉన్నాయా, కిటికీ ఎటు పక్క ఉంది, వచ్చిన జనం ముందు నిలబడతారా కూర్చుంటారా, సంతకం ఎక్కడ పెడతావు అని గుచ్చి గుచ్చి అడిగింది. నేను చెప్తుంటే వింటూ వింటూ అంచు నాడె అందించడం మరిచిపోయింది. అన్న కూడా మగ్గం ఆపి కూర్చున్నాడు.

నేను అక్కణ్ణుంచి నాగర్‌కర్నూలుకు బదిలీ అయ్యాక ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. నిరుటి నుంచి దగ్గు, ఈ ఏడు ఆయాసం. కర్నూలు దవాఖానలో చేర్చాం. పక్క మంచం మీద మానవపాడు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. ఆమె కూతురు టీచరు పరీక్షకు తయారవుతూ తల్లి పక్కనే కూర్చుని ప్రశ్నలు పైకి చదువుకునేది. మా వదిన ఊరుకుంటుందా? రెండో రోజుకే ఆ పిల్ల ఈమెను అత్తమ్మా అని పిలుస్తోంది, ఈమె ఆ పిల్ల తప్పులు దిద్దుతోంది. నర్సు వచ్చి మాట్లాడొద్దని కోప్పడితే ఆ కాసేపు ఆగేవారు. నేను వారం వారం పోయినప్పుడల్లా ఆ పిల్ల నాతో అనేది, మా అత్తమ్మ ఏ ఆఫీసులో చేసిందన్నా అని. నేను నవ్వి వదిన దుప్పటి సర్దేవాణ్ణి.

చివరిసారి పోయేసరికి మొహానికి ఆక్సిజన్ పెట్టి ఉంది. మాట లేదు. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. ఆ పిల్ల నన్ను చూసి లేచి నిలబడి, "చదువు ఆపితే ఊకుంటలేదన్నా, చేతితోని సైగ చేస్తుంది. వేళ్ళతోనే జవాబు చెప్తది" అంది. మళ్ళీ కూర్చుని ఒక ప్రశ్న చదివింది, నాలుగు జవాబులూ నిదానంగా చదివింది. వదిన కళ్ళు మూసుకునే ఉంది. కాసేపటికి దుప్పటి మీద చేయి కదిలి రెండు వేళ్ళు పైకి లేచాయి.

పిల్ల సరిచూడడానికి పుస్తకం చివరి పేజీలు తిప్పుతోంది. కొత్త పుస్తకం, పేజీలు ఒకదానికొకటి అంటుకుని విడిపోవడం లేదు. వదిన ఆ రెండు వేళ్ళూ దించకుండా అట్లాగే పట్టుకుని ఉంది. నేను ఆ ప్రశ్న సరిగా వినను కూడా వినలేదు. వంగి ఆమె చెవి దగ్గర, "కరెక్టే వదినా" అన్నాను.

అప్పుడు చేయి దించింది.