ఏమీ లేని కంట్రాక్టరు ఇంట జప్తు

1964 ఆగస్టులో నన్ను మా ద్వీపం రాజధాని పోర్ట్ లూయీ నుంచి జిల్లా కోర్టుకు హుయిస్యేగా బదిలీ చేశారు. కాత్ర్ బోర్న్ ఊరు నా వంతుకు వచ్చింది. ఆంధ్రదేశంలో ఈ ఉద్యోగాన్ని కోర్టు అమీనా అంటారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. పని మాత్రం ఒకటే. మేజిస్ట్రేటు తీర్పు చెబుతాడు, గుమస్తా దానికి నకలు రాస్తాడు, హుయిస్యే ఆ నకలు పట్టుకుని ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఓడినవాడి చేతా గెలిచినవాడి చేతా తిట్లు తింటాడు.

అక్టోబరులో నా చేతికి వచ్చిన వారెంటు మంగమ్మగారిది. ఆవిడ కాత్ర్ బోర్న్ సంతలో ఆకుకూరలు అమ్మేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. 1960లో వచ్చిన తుపాను ఆవిడ రేకుల ఇంటిని ఎత్తుకుపోయింది. ఆ తుపాను తరువాత ద్వీపమంతా కాంక్రీటు ఇళ్ళ మోజులో పడింది. నిన్నటిదాకా తాపీ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనివాళ్ళు కూడా రాత్రికి రాత్రి కంట్రాక్టర్లయ్యారు. వారిలో అప్పల్సామి ఒకడు.

ఆయన మాట కాంక్రీటుకన్నా గట్టిగా ఉండేది. రెండు గదులు, వంటిల్లు, పైన దాల్, అంటే కాంక్రీటు కప్పు, అన్నీ నాలుగు నెలల్లో అయిపోతాయని చెప్పి పద్దెనిమిది వందల రూపాయలు ముందే తీసుకున్నాడు. గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. అక్కడితో గోడలూ ఆగాయి, ఆయన రాకా ఆగింది. అడిగితే సిమెంటు ఓడలో వస్తోందన్నాడు. ఏడాదిన్నర పాటు ఆ ఓడ హిందూ మహాసముద్రంలో తిరుగుతూనే ఉంది. మంగమ్మగారు పిల్లలతో ఆ గోడల పక్కనే రేకుల పాకలో ఉండేది. మళ్ళీ తుపానుల కాలం దగ్గరపడుతోంది.

చివరికి ఆవిడ దావా వేస్తే, కోర్టుకు ఆయన టై కట్టుకుని వచ్చాడు. పనికి రావడానికి తీరలేదు గాని వాయిదాకు పావుగంట ముందే వచ్చాడు. తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. అసలు, ఖర్చులు కలిపి చెల్లించాలి. ఆయన మేజిస్ట్రేటుకు వంగి నమస్కరించి ఇంటికి వెళ్ళి హాయిగా ఉన్నాడు. గడువు దాటింది.

గడువు దాటితే హుయిస్యే ఇద్దరు సాక్షులతో బాకీదారు ఇంటికి వెళ్ళాలి. మొదట డబ్బు అడగాలి. లేదంటే సామాను జాబితా రాసి జప్తు చేయాలి, ఆ తరువాత వేలం. పడుకునే మంచం, వంట పాత్రలు, చేతివృత్తి పనిముట్లు ముట్టుకోకూడదు. ఎవరైనా ఒక వస్తువు తమదని కాగితం చూపిస్తే ఆ మాట రాసుకుని ఆ వస్తువును వదిలేయాలి. నా ఉద్యోగంలో సగం అలా వదిలేయడంతోనే గడిచింది.

మంగమ్మగారు కూడా మా వెంట వచ్చి గేటు దగ్గర నిలబడింది. "తమ్ముడూ, ఆ లారీ ఒక్కటి పట్టుకుంటే చాలు," అంది.

వాకిట్లో లారీ ఉంది, కాంక్రీటు కలిపే యంత్రం ఉంది. ఇంటికి కొత్త వరండా ఉంది, దానికి ఎర్ర రంగు నున్నగా పూసి ఉంది. లోపల రేడియోగ్రాం, ఆరు కుర్చీల బల్ల. నేను లారీ వైపు కలం చూపించాను. అప్పల్సామి ఎంతో విచారంగా తల అడ్డంగా ఊపాడు.

"సా పు మో మదాం," అన్నాడు. అది మా ఆవిడది అని.

యంత్రం? మా ఆవిడదే. రేడియోగ్రాం? అదీ ఆవిడదే. ఒక్కొక్కదానికి ఆమె పేరున రసీదు తీసి పళ్ళెంలో తాంబూలం పెట్టినట్టు పెట్టాడు. ఇంటి దస్తావేజు కూడా ఆమె పేరే. ఆయనదంటూ తేలింది ఒంటి మీది బట్టలూ ఒక టోపీ.

నేను ఇంకా కొత్తవాణ్ణి. భార్య పేర దాచినంత మాత్రాన సరిపోదని, మంగమ్మగారి తరఫు న్యాయవాది అడ్డు చెప్పవచ్చని అన్నాను. ఆయన నవ్వాడు. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు.

"మేం గుళ్ళో పెళ్ళి చేసుకున్నాం, మిస్యే. ఎతా సివిల్‌లో రాయించలేదు. సర్కారు పుస్తకంలో లేని పెళ్ళి పెళ్ళి కాదు. లా లెక్కలో ఆమె నాకు ఎవరూ కాదు. ఎవరో మనిషి సొత్తు నువ్వెట్లా ముట్టుకుంటావు?"

ఆ రోజుల్లో ద్వీపంలోని మా తెలుగువాళ్ళలో చాలామందికి అటువంటి పెళ్ళిళ్ళే. చట్టం విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన జీవితంలో అంత శుద్ధమైన నిజం ఇంకొకటి చెప్పి ఉండడు. నేను ఓడిపోయినట్టే. ఉక్రోషంతో ఆయన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా పంచనామాలో రాశాను. సంతకం పెట్టే ముందు చదివి వినిపించాలని నిబంధన. గట్టిగా చదివాను.

అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో ఆయన భార్య లచ్చిమి నిలబడి ఉంది. పన్నెండేళ్ళ కాపురం. చేతిలో పప్పు గరిటె.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువు, మిస్యే," అంది.

చదివాను. అప్పల్సామి గర్వంగా సంతకం పెట్టాడు. సాక్షులూ పెట్టారు.

"అయితే లారీ నాది. ఇల్లు నాది. ఈయన నాకు ఎవరూ కాదు. అంతేనా?"

హుయిస్యే ఎవరికీ న్యాయసలహా ఇవ్వకూడదు. కాబట్టి నేను సలహా ఇవ్వలేదు. ఆయన అలా చెప్పి సంతకం పెట్టాడని మాత్రం చెప్పాను.

"నువ్వు లోపలికి పో," అన్నాడు అప్పల్సామి.

ఆమె పోలేదు. చెయ్యి చాపింది. "తాళాలు ఇయ్యి."

ఆయన మా వైపు చూశాడు. సాక్షుల్లో ఒకాయన దగ్గాడు. తాళాలు చేతులు మారాయి. లచ్చిమి గేటు దగ్గరికి వెళ్ళి మంగమ్మగారితో మాట్లాడింది. గొంతు తగ్గించలేదు గనక నాకూ వినిపించింది.

"అక్కా, ఈ వరండాలో ఉన్నది నీ సిమెంటు. బస్తాలు దించిన రోజే నాకు తెలుసు. నోరు మూసుకుని ఇన్నాళ్ళు దాని మీద కూర్చుని టీ తాగాను."

మంగమ్మగారి వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. "ఎన్ని బస్తాలు?" అని అడిగింది.

మూడు వారాల తరువాత లచ్చిమి కోర్టుకు వచ్చి, యంత్రం అమ్మిన డబ్బు గుమస్తా బల్ల మీద పెట్టింది. ఒకరి బాకీ మరొకరు తీర్చడానికి మా చట్టం అడ్డు చెప్పదు. రసీదులో రాయడానికి, బాకీదారుకు ఏమవుతారని గుమస్తా అడిగితే, "ఎవరూ కాను. ఆయన్నే అడగండి, రాసిచ్చాడు," అంది.

డిసెంబరులో మంగమ్మగారి ఇంటికి దాల్ పోశారు. మా దగ్గర అది వీధి మొత్తం కలిసి చేసే పని. మేస్త్రీ వేరే ఆయన. ఇసుకా కంకరా తెచ్చిన లారీ లచ్చిమిది. బకెట్లు అందించే వరసలో అప్పల్సామి కూడా ఉన్నాడు, టై లేకుండా. ఆయన అంతకుముందు ఏ పనీ అంత ఆపకుండా చేసినట్టు నాకు తెలియదు.

1968లో, మా ద్వీపానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, అప్పల్సామి నా దగ్గరికి వచ్చి, పెళ్ళి ఎతా సివిల్‌లో రాయించడానికి ఏ కాగితాలు కావాలని అడిగాడు. చెప్పాను. లచ్చిమిని అడిగితే, "చూద్దాం," అందట. ఆ తరువాత ఏమైందో నాకు తెలియదు.

ఈ కేసు తరువాత నా పద్ధతి మారింది. బాకీదారు అబద్ధమాడితే వాదించడం మానేశాను. ఆయన మాటల్లోనే రాసుకుని సంతకం తీసుకునేవాణ్ణి. చదివేటప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ళందరూ వచ్చేదాకా ఆగేవాణ్ణి.