నాంచారయ్య గారి ఖాళీ సైకిలు

2022. బాపట్ల కొత్త జిల్లా అయిన సంవత్సరం. అప్పటికి నేను రేపల్లెలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పద్దెనిమిదేళ్ళు. ఇల్లు తెనాలిలో. పొద్దున రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేదాన్ని. క్లినిక్ అంటే రెండు గదులు. ఒక మంచం, గోడకు కప్పీ తాడు, మూలన వ్యాక్స్ బాత్, అంటే కీళ్ళు బిగిసినవాళ్ళు చేతులు ముంచే కరిగిన మైనం తొట్టి. ఇప్పుడు క్లినిక్ మూసేశాను. ఎక్కడైనా ఆ మైనం వాసన తగిలితే మాత్రం ఆ గదిలో కూర్చున్న మనుషులు ఒక్కొక్కరే గుర్తొస్తారు. వాళ్ళల్లో అందరికంటే ముందు గుర్తొచ్చేది నాంచారయ్య గారు.

ఆయనది నిజాంపట్నం వైపు, వేటకు వెళ్ళే కుటుంబం. అన్నదమ్ములు పడవల మీద ఉంటే ఆయన మాత్రం ముప్పై ఏళ్ళు సైకిలు మీద ఊరూరా చేపలమ్మారు. అరవై దాటాక కొడుకు ఆటో కొని వ్యాపారం తను చూసుకోవడంతో మానేశారు. నా దగ్గరికి వచ్చేనాటికి అరవై నాలుగేళ్ళు. పక్కన భార్య రమణమ్మ గారు.

"చెయ్యి చచ్చుబడిపోతోందమ్మా ఈయనకి. టీ గ్లాసు జారవిడిచేస్తున్నాడు. పక్షవాతమేమోనని ఇంట్లో అందరికీ భయంగా ఉంది" అన్నారావిడ.

మాట, ముఖం, నడక బాగానే ఉన్నాయి. అయినా అనుమానం ఉంచుకోకూడదని తెనాలిలో డాక్టరుగారి దగ్గరికి పంపాను. స్కానింగ్‌లో ఏమీ లేదు. మళ్ళీ వచ్చినప్పుడు కుడిచేతి వేళ్ళ మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమన్నాను. నేను లాగితే ఇట్టే వచ్చేసింది. చిటికెన వేలికీ, పక్క వేలికీ స్పర్శ తక్కువ. మోచెయ్యి గుమ్మానికి తగిలితే వేళ్ళదాకా జివ్వుమంటుందే, ఆ నరాన్ని అల్నార్ నర్వ్ అంటాం. అది అరచేతి మొదట్లో నలుగుతోంది. సైకిలు ఎక్కువ తొక్కేవాళ్ళకు వస్తుంది కాబట్టి దీనికి హ్యాండిల్‌బార్ పాల్సీ అని పేరు.

"సైకిలు తొక్కుతారా బాబాయ్?"

ఆయన నోరు తెరిచేలోపే రమణమ్మ గారు అందుకున్నారు. "తొక్కడమేంటమ్మా! రోజు విడిచి రోజు పొద్దున్నే మాయమైపోతాడు. ఒకరోజు చెరుకుపల్లంటాడు, ఒకరోజు కర్లపాలెమంటాడు. మొన్న బాపట్ల పోయొచ్చాడు. సముద్రం పక్కన పుట్టినోడు, సూర్యలంకలో సముద్రం చూసొచ్చానని చెబుతున్నాడు!"

"పని మీద వెళ్ళారా?"

"పని లేదమ్మా. ఊరికే" అన్నారాయన సిగ్గుపడుతూ. తర్వాత మెల్లగా చెప్పారు. "ముప్పై ఏళ్ళు అదే రోడ్డు మీద తిరిగానమ్మా. ఏనాడూ పక్కకి చూసింది లేదు. ఐసు కరిగే లోపల సరుకు అమ్ముడైపోవాలి. ఐసు ఎంతదూరం ఆగితే అంతదూరమే నేను పోయింది. ఇప్పుడు నన్ను తరిమేదేముంది? కాలవ గట్టు మీద ఆగుతా, కొంగల్ని చూస్తా, మళ్ళీ తొక్కుతా. పాత ఊళ్ళల్లో ఆడాళ్ళు నన్ను చూసి, ఏం తెచ్చావయ్యా, చందువాలా, కానాగంతలా అని కేకేస్తారు. ఏం తేలేదమ్మా, మిమ్మల్ని చూసిపోదామని వచ్చా అంటా. కూర్చోబెట్టి మజ్జిగిస్తారు."

ఆరు వారాలు సైకిలు ముట్టుకోవద్దన్నాను. రాత్రి కట్టుకోవడానికి స్ప్లింట్ ఇచ్చాను. మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ అది. వేళ్ళ వ్యాయామాలు నేర్పాను. ఒక్కరోజూ తప్పకుండా చేశారు. నాలుగో వారం రమణమ్మ గారు ఒక్కరే వచ్చి కూర్చున్నారు. "చెయ్యి నయమేనమ్మా. మనిషే బాగాలేడు. పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తుంటాడు. నిన్నటిదాకా తిట్టినదాన్ని, ఇప్పుడు నాకే చూడబుద్ధి కావట్లేదు."

ఆరు వారాలకు వేళ్ళలో బలం తిరిగొచ్చింది. సైకిలెక్కమన్నాను. మూడు వారాల్లో జబ్బు తిరగబెట్టింది. ఈసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కొంచెం లోపలికి దిగింది. కండ కరగడం మొదలైతే మాకు భయం. కొడుకు సైకిలుకు గొలుసు వేసి తాళం తన జేబులో పెట్టుకున్నాడట. అతన్నీ తప్పుపట్టలేను. నేనూ అదే చెప్పబోయాను. 'ఇక మానేయండి' అనడం మా వృత్తిలో అన్నిటికంటే తేలికైన వైద్యం.

"నువ్వు చెబితే మానేస్తానమ్మా" అన్నారాయన. చెయ్యి బల్ల మీద అలాగే ఉంచి దానివైపే చూస్తున్నారు. "ఒక్కసారి తెనాలి దాకా పోయొచ్చి మానేస్తా. మీ ఊరు ఎప్పుడూ సైకిలు మీద రాలేదు."

ముప్పై ఏళ్ళు బరువుతో తొక్కినా రాని జబ్బు ఖాళీ సైకిలు మీద ఎందుకొచ్చిందన్నది అప్పటిదాకా నేను అడగనే లేదు. చేతిని నాలుగు విధాలా పరీక్షించాను. ఆయన తొక్కుతుంటే ఒక్కసారీ చూడలేదు.

"రేపు సైకిలు తీసుకురండి బాబాయ్. మీ అబ్బాయికి నేను చెబుతాను."

మర్నాడు ఆటోలో సైకిలు తెచ్చారు. క్లినిక్ ముందు వీధిలో ఆ చివరిదాకా వెళ్ళి రమ్మన్నాను. తిరిగొస్తుంటే చూశాను. ఒళ్ళంతా ముందుకు వాల్చి, మోచేతులు కర్రల్లా బిగించి, అరచేతులతో హ్యాండిల్‌ను కిందికి నొక్కిపట్టి తొక్కుతున్నారు.

"అంతలా నొక్కుతారెందుకు?"

"నొక్కకపోతే ఎలాగమ్మా? వెనకాల గంప బరువుకి ముందు చక్రం లేస్తది కదా..." అని ఆగిపోయారు. ఒకసారి వెనక్కి తిరిగి క్యారియర్ వైపు చూశారు. దాని మీద ఏమీ లేదు.

తర్వాత నవ్వారు. "గంప దించి మూడేళ్ళయింది. చేతులకింకా తెలీలేదమ్మా."

మిగతా లెక్క అప్పుడు తేలింది. చేపలమ్మే రోజుల్లో ప్రతి ఊళ్ళో పదిసార్లు దిగేవారు, ఆ కాస్త విరామంలో నరం తేరుకునేది. ఇప్పుడు ఆ మజ్జిగిచ్చే ఇళ్ళు చేరేదాకా ఆపేవాళ్ళు లేరు, రెండు మూడు గంటలు దిగకుండా తొక్కుతున్నారు. ఎప్పుడో ఒకసారి కొంగల కోసం ఆగినా కాలు నేల మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకునే నిలబడతారట.

సైకిలు షాపులో హ్యాండిల్ పైకెత్తించాం, పిడులకు మెత్తటి తొడుగు వేయించాం. అరగంటకొకసారి దిగి చేతులు దులుపుకోవాలన్నాను. అసలు కష్టం మోచేతులు వదులు చేయడంలో వచ్చింది. వదిలితే సైకిలు ఊగేది. ముప్పై ఏళ్ళు గంపతో గుంటల రోడ్ల మీద తూలని మనిషి ఖాళీ సైకిలు మీద వణికిపోయారు. రెండు వారాలకు పైగా ఆ క్లినిక్ వీధిలోనే సాధన. వెనకాలే రమణమ్మ గారు కొంగు బిగించి నడుస్తూ, ఆయన బిగుసుకున్నప్పుడల్లా "మోచెయ్యి! మోచెయ్యి!" అని కేకలు. ఎదురు కొట్టువాళ్ళు నవ్వుతుంటే, "నవ్వండి, నవ్వండి. మా ఆయన సైకిలు నేర్చుకుంటున్నాడు" అనేవారావిడ. మూడో వారంలో ఒకరోజు ఆవిడ అరవడం మర్చిపోయి నిలబడిపోయారు. ఆయన ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి తేలిగ్గా ఆనించి, ఎండలో మెల్లగా వస్తున్నారు.

"పెళ్ళైన కొత్తల్లో ఇలా తొక్కేవాడమ్మా" అన్నారు రమణమ్మ గారు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం తెనాలిలో మా ఇంటి గేటు ముందు సైకిలు బెల్లు మోగింది. ముందురోజే రేపల్లె వచ్చి బంధువులింట్లో ఉండి, తెల్లారి బయల్దేరారట. దారిలో ఆరుసార్లు దిగానని నేను అడక్కుండానే చెప్పారు. మావారు ఇచ్చిన కాఫీ గ్లాసును కుడిచేత్తోనే అందుకుని, తాగినంతసేపూ ఆ చేత్తోనే పట్టుకున్నారు. చిటికెన వేలి కొస ఇప్పటికీ కాస్త మొద్దుగానే ఉంటుందట. ఆ కండ కూడా పూర్తిగా నిండలేదు. ఆయన తొక్కడం నేను మొదట్లోనే చూసి ఉంటే నిండేదేమో.

క్లినిక్ మూసేలోగా ఇంకొన్ని వందల మందిని చూసి ఉంటాను. నాంచారయ్య గారి తర్వాత కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనూ ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి అన్న ప్రశ్నలకు ముందు ఇంకొకటి అడిగేదాన్ని: "ఇన్నేళ్ళూ ఏం పని చేశారండి?" కొందరు నోటితో చెప్పేవారు. చాలామంది లేచి నిలబడి చేసి చూపించేవారు. నాట్లు వేసినవాళ్ళు నడుం వంచేవారు, మిషను కుట్టినవాళ్ళు పాదం ఆడించేవారు. నేను పెన్ను పక్కన పెట్టి, వాళ్ళు చేసేది పూర్తయ్యేదాకా చూసేదాన్ని.