ఇంకొక్క వెంట్రుకవాసి

థర్మన్ ఓడెగార్డ్ నోటినుంచి "అయిపోయింది" అన్న మాట విన్నవాళ్ళు సేజ్ ఫోర్క్ ఊళ్ళో ఒక్కరూ లేరు. తుపాకి పనిలో మోంటానా మొత్తమ్మీద ఆయన్ను మించినవాడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. ఇచ్చిన తుపాకి తిరిగి చేతికెప్పుడొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎప్పుడు వెళ్ళి అడిగినా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి ఒకటే జవాబు చెప్పేవాడు: "ఇంకొక్క వెంట్రుకవాసి."

ఒకసారి ఆయన ఇంట్లో భోజనాల బల్ల కాస్త ఊగింది. ఒక కాలు వెంట్రుకవాసి చెక్కాడు. రెండోది పొడుగనిపించింది. దాన్నీ చెక్కాడు. అలా నాలుగు కాళ్ళూ వంతులవారీగా చెక్కుకుంటూ పోతే, నెల తిరిగేసరికి బల్ల మోకాలి ఎత్తుకొచ్చింది. ఇప్పుడు ఆయన నేలమీద చతికిలబడి భోంచేస్తాడు. "ఊగడం లేదు కదా" అంటాడు గర్వంగా.

మరలంటే ఇంకా పిచ్చి. ఆయన బిగించిన మర తల మీది గాడి నిట్టనిలువుగా నిలబడాలి. డోరీన్ కాఫీ హోటల్లో స్విచ్చుబోర్డు మరలు అడ్డదిడ్డంగా ఉన్నాయని, ఆర్డరిచ్చిన గుడ్లు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి అన్నింటినీ నిటారుగా తిప్పి వచ్చాడు.

"ఏమయ్యా, నా మరలు నీకేం అన్యాయం చేశాయి?" అంది డోరీన్.

"వాటిని చూస్తూ తింటే అరగదు."

ఇలాంటి మనిషికి వెర్నా కిటిల్సన్ తుపాకి పని అప్పగించిందంటే, ఆవిడకు మతిపోయిందనే అనుకున్నారు అందరూ.

వెర్నాకు డెబ్బై ఒకటి. ముప్ఫై ఏళ్ళు మంచులో టపా పంచిన మనిషి. నిరుడు చలికాలం ఇంటి మెట్ల మీద జారిపడి కుడిభుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది కానీ చేతిలో సత్తువ పోయింది. పాత వేటతుపాకి పేలిస్తే గాడిద తన్నినట్టుండేది. అందుకని ఊహ తెలిశాక మొదటిసారి నిరుటి వేట సీజన్ మానేసింది. డాక్టరు గులాబిరంగు రబ్బరు పట్టీలూ, ఒక కాగితమూ ఇచ్చాడు: పట్టీలు సాగదీయాలి, బరువును భుజమెత్తుకు లేపి ముప్ఫై అంకెలు లెక్కపెట్టాలి, రోజుకు పదిసార్లు.

"గులాబిరంగు రబ్బరు పట్టీలు పట్టుకుని గెంతడానికి నేనేమన్నా బాలవాడి పిల్లనా!" అంటూ ఆవిడ డోరీన్ హోటల్లో ఆ కాగితాన్ని ఉండచుట్టి, చెర్రీపళ్ళ తీపిరొట్టె తిన్న పళ్ళెం కింద తోసేసింది. పక్క స్టూలు మీద థర్మన్ కూర్చుని ఉన్నాడు. వినీ విననట్టు కాఫీ తాగాడు.

"ఇదిగో థర్మన్, మా ఆయన ఆర్న్ పోతూ పోతూ, ఎలుగుబంట్ల భయానికి పెట్టుకున్న రివాల్వరూ, తన చేత్తో చేసిన మూడువందల తూటాలూ వదిలి వెళ్ళాడు. ఆ రివాల్వర్ నా మణికట్టు మోయలేదు. ఆ తూటాలే పేలే బోల్టు తుపాకి, అదే, గడియ లాగి పేల్చే పొడుగు తుపాకి చేసిపెట్టు. తన్నదు కదా?"

"బరువైన తుపాకిలో ఆ తూటా తన్నదు, తడుతుంది" అన్నాడు థర్మన్.

"ఈ సీజనుకి కావాలి. ఈసారీ కొండెక్కలేకపోతే ఇల్లమ్మేసి అరిజోనాలో మా చెల్లెలి పక్కన ఈతకొలను ఒడ్డున కూర్చుంటాను. నిన్ను శపిస్తూ కూర్చుంటాను."

నవ్వుతూనే అంది కానీ, ఆ మాట అన్నాక ఆవిడ కిటికీలోంచి కొండవైపే చూస్తూ ఉండిపోయింది.

పని మొదలైంది. బోల్టు తుపాకి పొడుగాటి సన్నతూటాల కోసం పుట్టినది. రివాల్వర్ తూటా పొట్టి, లావు, పైగా అడుగున అంచు. ఒకదాని అంచు ఇంకోదానికి తగులుకుని, బ్యారెల్లోకి పోవలసిన తూటా ముక్కు కిందికి దించి మొండికేసేది. థర్మన్ దాన్ని బతిమాలాడు, తిట్టాడు, తూటాలు పేర్చే పెట్టెలు మూడు చేసి పారేశాడు. మే నెలకు తూటాలు వెన్నలో వేలు దిగినట్టు దిగడం మొదలెట్టాయి.

"అయిపోయినట్టేగా?" అంది వెర్నా.

"భుజానికి ఆనే మడమ కొలత కుదరాలి. ఇంకొక్క వెంట్రుకవాసి. గురువారం రా. వేటకోటు వేసుకుని రా."

"మే నెలలో ఉన్నికోటా!"

"వేటకి చొక్కాతో పోతావా? కోటుతో కొలవకపోతే మడమ చంకలో తట్టుకుంటుంది."

అలా గురువారం గురువారం, జులై ఎండలో కూడా, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి ఎర్ర ఉన్నికోటుతో చెమటలు కక్కుతూ వీధిన నడిచి వెళ్ళేది. హోటల్లో జనం కిటికీ దగ్గర చేరి నవ్వేవారు. లోపల థర్మన్ ఖాళీ తుపాకి అందించి, "భుజానికెత్తు. కదలకు. ముప్ఫై దాకా లెక్కపెడతాను" అనేవాడు. చుట్టూ తిరిగి కొలిచేవాడు. "మళ్ళీ ఎత్తు." పదిసార్లు. ఇంటి దగ్గర అలవాటుకని అంతే బరువున్న పాత తుపాకి కర్ర కూడా ఒకటి అంటగట్టాడు. రోజూ పదిసార్లు ఎత్తి, ఎక్కడ ఒత్తుతోందో వచ్చి చెప్పాలట.

"వారం వారం బరువెక్కుతోందేమయ్యా ఈ తుపాకి?" అనేది ఆవిడ.

"మడమ వాల్‌నట్ కర్ర. తేమ పీలుస్తుంది."

వానచుక్క లేని ఆగస్టులో ఏం తేమో ఆవిడకు అంతుబట్టలేదు.

సీజను రేపనగా తుపాకి చేతిలో పెట్టాడు. వెర్నా భుజానికెత్తితే ఈకలా లేచింది. "తేమ ఆరిందా?" అంటే, "ఆ, ఆరింది" అని గొణిగి లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే కొండమీద, పొగమంచు విడిపోతుంటే, అరవై గజాల దూరంలో మగజింక వచ్చి నిలబడింది. చేయి వణకలేదు. ఆర్న్ చేసిన తూటా ఒక్కటి చాలింది. వెర్నా మంచులో కూర్చుని కాసేపు ఏడ్చింది, ఆ తర్వాత కత్తి తీసి పనిలో పడింది. ఇల్లమ్మే మాట అక్కడే కొండమీద వదిలేసి దిగింది.

బుధవారం తుపాకి తుడుస్తుంటే కనబడింది. మడమ పట్టీకి రెండు మరలు. పై గాడి నిటారుగా ఉంది. కింది గాడి వెంట్రుకవాసి వంకరగా ఉంది.

థర్మన్ ఓడెగార్డ్ బిగించిన మర, వంకర! ఎన్నోసార్లు విప్పి బిగించి అరిగిపోతే తప్ప ఇలా కాదు. ఆవిడ విప్పింది. మడమలో లోతైన బోలు, గోడలకు సీసం మసి. అడుగున మడతపెట్టిన కాగితం. చెర్రీ మరక. డాక్టరు రాత. దాని అంచున పెన్సిలుతో థర్మన్ రాత: "మే మొదటి గురువారం, సీసం ఔన్సున్నర. రెండో గురువారం, ఇంకో ఔన్సున్నర. చెయ్యి వణికింది, ఈ వారం పెంచలేదు." అలా అక్టోబరు దాకా. చివర్న: "సీసం అంతా తీసేశాను. తుపాకి మే నుంచీ సిద్ధం."

మే నుంచి! బల్ల ఊగితే ఓర్చుకోలేని మనిషి, తన చేతి తుపాకిని అయిదున్నర నెలలు కావాలని తూకం చెడగొట్టి పెట్టుకున్నాడు. రాత్రుళ్ళు ఎలా నిద్రపట్టిందో పాపం అనుకుంది వెర్నా. నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు గురువారం. పది గంటలకు థర్మన్ కొట్టు తలుపు తోసుకుని, ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో జింకమాంసం పొట్లం పట్టుకుని, ఎర్రకోటుతో లోపలికి వచ్చింది.

"ఏమైంది? తూటా ఇరుక్కుందా?" అని కంగారుపడ్డాడాయన.

"లేదు. కింది మర వంకరగా ఉంది."

థర్మన్ మొహం ముందు తెల్లబోయింది, తరవాత చెవుల దాకా ఎర్రబడింది. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

వెర్నా తన కుర్చీలో స్థిరంగా కూర్చుని కోటు బొత్తాలు పెట్టుకుంది.

"తొందరేం లేదయ్యా. మడమ కూడా ఇంకొక్క వెంట్రుకవాసి సరిచూడాలి. గురువారం గురువారం వస్తాలే."