స్నానాల వరసలో నిలబెట్టిన కారు

రెండు వేల మూడు పుష్కరాలకి పోలీసులు రాజమండ్రి పొలిమేరల్లోనే కార్లు ఆపేశారు. అక్కడి నుంచి రేవుకి నడిచి వెళ్ళాలి, లేదా రిక్షా మాట్లాడుకోవాలి. రోడ్డు పక్కన ఖాళీ జాగా ఉన్న ప్రతివాడూ దాని చుట్టూ తాడు కట్టి పార్కింగ్ అని అట్టముక్క వేలాడదీశాడు. నేను వెళ్ళింది ఒక కొబ్బరికాయల వ్యాపారి స్థలంలోకి. మామూలు రోజుల్లో ఆయన కాయలు రాశులు పోసుకునే చోటు అది. ఓ మూల కాయలు ఒలిచిన పీచు డొక్కల గుట్ట ఇంకా అలాగే ఉంది.

గేటు దగ్గర ఆయనే నిలబడ్డాడు. నా వయసువాడే, మెడలో తువ్వాలు, చేతిలో చీటీల కట్ట. కారు కిటికీ దగ్గరికి వంగి, హోటల్లో సర్వరు భోజనమా టిఫినా అని అడిగినట్టు అడిగాడు.

"స్నానమాండి, పిండమాండి?"

నాకు అర్థం కాలేదని చూసి ఆయనే చెప్పాడు. స్నానానికి వచ్చినవాళ్ళు మునిగి తేలి తొందరగా వచ్చేస్తారు, వాళ్ళ కార్లు గేటు వైపు వరసలో ఒకదాని వెనక ఒకటి. పిండాలు పెట్టేవాళ్ళకి బ్రాహ్మడు దొరకాలి, వంతు రావాలి, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పలేం. వాళ్ళ కార్లు వెనక్కి, డొక్కల గుట్ట పక్కకి. ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి వాటికి రేటు ఎక్కువ. తెలివైన ఏర్పాటే. నేను రామచంద్రపురంలో పంపుసెట్లు అమ్ముకునేవాణ్ణి, ఎదుటివాడి వ్యాపారంలో తెలివి ఉంటే కనిపెట్టగలను.

మేం వెళ్తున్నది పిండానికి. నా భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. పక్క సీట్లో ఆవిడ తమ్ముడు, ఒళ్ళో రాగి చెంబు, నువ్వుల పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు. గేటు దగ్గరాయన అడిగిన రెండు మాటల్లో ఒకటి పలకాలి, అంతే.

"స్నానమేనండి" అన్నాను.

బావమరిది నా వైపు చూశాడు. కొబ్బరికాయల ఆయన చీటీ రాసి చింపి ఇచ్చి, డబ్బులు వెళ్ళేటప్పుడు ఇమ్మని, కారు ముందు వరసలో పెట్టించాడు.

డబ్బులు మిగులుతాయని అలా అనలేదు. ఆవిడ పోయిందన్న మాట నా నోటితో నేను అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. చెప్పాల్సిన అవసరం రాకుండా గడిచిపోయింది. ఆస్పత్రి నుంచి ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసింది బావమరిదే. హాస్టల్లో ఉన్న మా పిల్లలకి ఆ మాట చెప్పిందీ అతనే. షాపుకి వచ్చేవాళ్ళకి ముందే తెలుసు, వాళ్ళే ఏదో అనేవారు, నేను తల ఊపేవాణ్ణి. ఒకసారి వాయిదాల మీద చీరలు అమ్మే ఆయన చాలా రోజులకి ఇంటికి వచ్చి, అమ్మగారు లేరాండి అని అడిగాడు. ఊరెళ్ళిందండి అన్నాను. ఆయన మళ్ళీ వస్తానని మూట సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చి టీవీలో వార్తలు చూశాను.

ఏడుపూ రాలేదు. రాలేదంటే అంతే. అందరూ నిబ్బరమైన మనిషి అన్నారు. నిబ్బరం కాదు, ఏమీ లేదు. అన్నం తినేవాణ్ణి, బేరాలు ఆడేవాణ్ణి, కాలిపోయిన మోటార్లు వైండింగుకి పంపించేవాణ్ణి. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, మనదే కానీ మనది కాదనిపిస్తుంది, మనిషినంతా అలా ఉన్నాను. నాకది ఇబ్బందిగా కూడా ఉండేది కాదు.

రేవులో జనం. నీళ్ళు ఎర్రగా, మోకాళ్ళ దాకా బురద. మా ఊరి బ్రాహ్మడే అక్కడ మెట్ల మీద చాప పరుచుకుని కూర్చున్నాడు కాబట్టి పని కాస్త సులువైంది. గోత్రం, పేరు బావమరిది చెప్పాడు. బ్రాహ్మడు సంస్కృతంలో ఏం పలికించాడో నేను పలికాను. మధ్యలో ఆవిడ పేరు కూడా వచ్చింది, అనేశాను. ఆ భాషలో ఎవరు పోయారో ఎవరు ఉన్నారో నాకు తెలియదు. పిండాలు నీళ్ళలో వదిలి మునిగాను. లేచి తల తుడుచుకున్నాను. మా పక్కనే ఒక పెద్దావిడ వాళ్ళాయన్ని తలుచుకుని రాగం తీసి ఏడుస్తుంటే, ఆవిడ గొడుగు అంచు నా కంటికి తగులుతుందేమోనని జరిగాను. నాకు తోచింది అదొక్కటే.

తిరిగి వచ్చేసరికి కొబ్బరికాయల ఆయన గేటు దగ్గర మా కోసమే చూస్తున్నాడు. ఆయన మొహం ఎర్రబడి ఉంది. నా కారు వెనక ఇరుక్కుపోయిన రెండు కార్లవాళ్ళు ఆయన్ని చాలాసేపటి నుంచి దులిపేస్తున్నారట. అందులో ఒకరు పెద్దాపురం వాళ్ళు, చంటిపిల్లతో ఎండలో కూర్చున్నారు. నేను కారు కొంచెం ముందుకి తీసి పక్కకి తిప్పగానే ఆ రెండూ బయటికి పోయాయి. నా వంతు వచ్చేసరికి ఆయన గేటుకి అడ్డంగా గొలుసు వేసి, చెయ్యి చాపాడు.

"పిండం రేటుకి రెట్టింపు ఇవ్వాలండి మీరు."

నేను కారు దిగాను. మా వైపు కొట్టుకునేదాకా వచ్చినా అండి మాత్రం వదలం. మేమిద్దరం ఆ మర్యాదతోనే మొదలుపెట్టాం.

"ఎందుకివ్వాలండి? చీటీ మీద స్నానం అని మీరే రాసిచ్చారు."

"మీరు చెప్పిందే రాశానండి. స్నానానికి ఇంతసేపు పడుతుందాండి?"

"స్నానం ఎంతసేపు చెయ్యాలో మీ బోర్డు మీద ఎక్కడైనా ఉందాండి? కారు నిలబెట్టినందుకు డబ్బులు. కార్లో వచ్చినవాడు ఏం చేసొస్తే మీకెందుకండి?"

నిజం చెప్పాలంటే ఆ గొడవలో నాకు హాయిగా ఉంది. ఏడాది తరవాత ఒంట్లోకి ఏదో వేడి వచ్చింది. ఇదివరకు ఎక్కడ కారు ఆపినా, సినిమా హాలు దగ్గరైనా, అన్నవరం కొండ కిందైనా, నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ పర్సు తెరిచి ఇచ్చేసేది. మీకు బేరాలు షాపులో చాలవా అని నన్ను దెప్పేది. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. నేను ఒంటికాలి మీద లేచాను. స్థలం ఆయనదే కానీ రోడ్డు ఆయనది కాదన్నాను. గొలుసు వేయడానికి పంచాయతీ కాగితం చూపించమన్నాను. పోలీసుని పిలవమన్నాను. ఆయన కూడా తగ్గలేదు. రెండు కార్లవాళ్ళు తనని పట్టుకుని ఏమేం తిట్టారో వరసగా అప్పజెప్పాడు.

"బావగారూ, ఇచ్చేద్దామండి. ఎండగా ఉంది" అని బావమరిది జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇవ్వకు. నేను స్నానానికే వచ్చాను."

ఆ మాట గట్టిగానే అన్నాను. కొబ్బరికాయల ఆయన నా మొహం వంక కాకుండా చేతి వంక చూశాడు. చీటీ చూపించడానికి చాపిన అరచెయ్యి. గీతల్లో నల్ల నువ్వులు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఏటి నీళ్ళకి కూడా పోలేదు.

ఆయన గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట ముందు చెప్పుంటే వెనక పెట్టించేవాణ్ణి కదండీ. ఎవరికండి?"

బావమరిది ఎప్పటిలాగే నా బదులు చెప్పబోయాడు. "మా అక్క" అనేదాకా వచ్చి, నా వంక చూసి ఆగిపోయాడు. నన్ను చెప్పనిద్దామనుకున్నాడో, అతనివల్లే కాలేదో ఇప్పటికీ తెలియదు. అడిగినాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన మా ఊరివాడు కాదు, ఆవిణ్ణి ఎరగడు. నేను చెప్తే తప్ప ఆయనకి తెలిసే దారి లేదు. స్నానం అన్న మాట మళ్ళీ అందామని నోరు తెరిచాను, రాలేదు.

"మా ఆవిడకండి" అన్నాను. "పోయింది."

"ఎప్పుడండి?"

"కిందటేడు. డాబా మీద బట్టలు ఆరేస్తా పడిపోయిందండి. నేను కింద కాఫీ కోసం కేకలేస్తన్నాను. పలకట్లేదని కోపం కూడా వచ్చిందండి. ఎక్కి చూస్తే తడి దుప్పటి సగం తీగ మీద, సగం ఆవిడ మీద ఉందండి. రాజమండ్రి తీసుకొచ్చాం, ఇక్కడే. తలలో నరం చిట్లిందన్నారు."

అడగనివి కూడా చెప్తున్నానని తెలుస్తూనే ఉంది. నోరు ఆగలేదు. వెనక ఎవరో హారన్ కొడుతుంటే ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. బావమరిది కారు బానెట్ మీద చేతులు పెట్టుకుని తల వంచేశాడు. నేను చెప్పడం అయిపోయాక ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, వెళ్ళి గొలుసు విప్పాడు.

"వెళ్ళండి. ఏమీ వద్దులెండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

అంతసేపు నేను పోట్లాడింది దానికే. గెలిచినట్టే లెక్క. కానీ ఆ మాట వినగానే నాకు అంతకుముందు రాని కోపం వచ్చింది. ఏమీ వద్దంటే ఏంటి? ఏమీ జరగనట్టా? నేను జేబులోంచి నోట్లు తీశాను. ఆయన వెనక్కి జరిగాడు. నేను ముందుకి జరిగాను. చీటీల కట్ట మీదికి నోట్లు నెట్టి, ఆయన వేళ్ళు బలవంతంగా మూశాను.

"తీసుకోండి. రెట్టింపు ఇవ్వను. పిండం రేటే తీసుకోండి. నేను పిండానికే వచ్చానండి" అన్నాను.

ఆయన నోట్లు లెక్క చూసుకుని చిల్లర తీసిచ్చాడు. అది ఎంతో చూసుకోవడానికి నాకు కళ్ళు కనపడలేదు.