మోకాలు దాటిన పసుపు గీత

సహోదరులారా, సింహాల బోనులోనుండి, మండే అగ్నిగుండంలోనుండి బయటపడినవాడి సాక్ష్యం ఒకటి ఈ రోజు మీకు చెప్పబోతున్నాను. నిజానికి బోనూ లేదు, గుండమూ లేదు, నేను పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో వెల్డరును, అంతే.

ఆ రోజుల్లో నా కళ్లలో ఎవరో ఇసుక పోసినట్టుండేది, వెల్డింగు వెలుగు అలాంటిది, హిందూపురంలో ఇల్లు చేరగానే మా అమ్మ ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, చెక్కలుగా కోసి కళ్లమీద పెట్టేది, నేను ఆ చెక్కల కిందనుండే "ప్రభువా, ఈ మంటనుండి నన్ను విడిపించు" అని మొరపెట్టేవాణ్ణి. ఆయన విన్నాడు! కొన్నాళ్లకే మా షెడ్డులోకి వెల్డింగు చేసే రోబో వచ్చింది, మంట దానికి పోయింది, నెలాఖరుకు వేరే పని దొరక్కపోతే నన్ను ఇంటికి పంపుతామన్నారు. అమ్మకు చెబితే, "సరిగ్గా అడగల్యా నువ్వు. కళ్లు బాగుచెయ్యమనాల గానీ, పని తీసెయ్యమంటారా యాడన్నా?" అంది.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు, రోబోకు ఆకలి లేదు కాబట్టి అదొక్కటే పనిచేస్తోంది, నేను దాని ముందున్న పసుపు గీత దగ్గర మోకాళ్లూని, "తండ్రీ, మంట వద్దన్నాను గానీ కూడు వద్దనలేదే, నన్నిప్పుడు యాడికి పొమ్మంటావు?" అని కన్నీళ్లతో అడిగాను. అడగగానే రోబో చెయ్యి గాలిలో ఆగిపోయింది, హల్లెలూయా అనబోయాను, అంతలో ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, మోకాలు గీత దాటిండాది సూడు. ఆడ కంటికి కనపడని లైటు ఉండాది, దానికి ఏదన్నా అడ్డమొస్తే రోబో తనంతట తానే నిలిచిపోతాది."

అద్భుతం అక్కడితో అయిపోయింది, నా కుతూహలం అక్కడ మొదలైంది. కనపడని లైటు ఎక్కడినుండి వస్తుంది, ఎలుక దాటినా ఆగుతుందా, అతుకు ఎక్కడ వేయాలో దీనికెవరు చెప్పారు అని అన్నం మాట మరిచి అడుగుతూనే ఉన్నాను.

"దానికేం తెలుసబ్బా, పలక మీద పిల్లోని చెయ్యి పట్టి దిద్దించినట్టు మనమే దిద్దించాల. ఇన్ని అడిగేటోడు ఈడ ఎవురూ ల్యా. రేపట్నుంచి నాకాడికి రా," అన్నాడు.

ఆ వారమే నన్ను అతని కింద వేశారు, ఇప్పుడు ఆ రోబోకు నేనే దిద్దిస్తున్నాను, దేవునికే మహిమ! మా షెడ్డులో నాతోపాటు వెల్డింగు చేసిన అన్న మాత్రం ధర్మవరంలో సొంత షాపు పెట్టుకుని ఇంకా మంట ముందే ఉన్నాడు, అతని కళ్లకోసం ప్రార్థించండి. సహోదరులారా, మీరూ ఆయనను నమ్మి అడగండి, ఏం కావాలో కాస్త వివరంగా అడగండి, ఆయన వింటాడు. నా కళ్ల మంట పూర్తిగా పోయింది. రోబోకు దిద్దించే తెర మీది అక్షరాలు మరీ చిన్నవి కావడంతో డాక్టరు కళ్లద్దాలు రాశాడు.