బాక్సరు మూలన తువ్వాలు

చిన్నప్పుడు నా వేళ్లకు పలక పట్టే తీరిక లేదు. చిలకలపూడిలో మా ఇంటి అరుగు మీద అందరం రోల్డుగోల్డు గొలుసులకు కొక్కేలు తగిలించేవాళ్లం. చీకటి పడేసరికి కళ్లు మంటలెత్తేవి. పెళ్లయ్యాక కూడా అదే పని. అరవై దాటాక మా పాస్టరుగారి భార్య నాకు అక్షరాలు దిద్దించారు. అప్పటి నుంచి ఏ కాగితం కనబడినా ఎడమ నుంచి కుడికి వేలు నడిపిస్తూ చూడటం అలవాటైంది.

మా అమ్మాయి కూతురు బందరులో బాక్సింగ్ నేర్చుకుంటోంది. దాని కోచ్ ఇచ్చిన జపాను బొమ్మల పుస్తకం ఒకరోజు మంచం మీద కనిపించింది. అందులోని ఇంగ్లీషు నాకు రాదు కాబట్టి బొమ్మలు చూశాను. మొదట్లో ఒకడు తాగి రోడ్డు మీద పడి ఉన్నాడు. తర్వాత జైల్లో ఉన్నాడు. మధ్యలో నడుముకు పెద్ద బెల్టు, చుట్టూ జనం. చివర్లో ఒక బక్కపిల్లాడు తల్లి పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు.

"బాగుందే కథ. తాగుబోతు బాగుపడి కొడుకుని కూడా కన్నాడు" అన్నాను.

మనవరాలు పకపకా నవ్వింది. "అమ్మమ్మా, తిరగేసి చూసేశావ్! జపానోళ్లు ఆ చివర నుంచి చదువుతారు. ఆ పిల్లాడు కొడుకు కాదు, ఆయనే. నిజంగా ఉన్న ఛాంపియనంట. బెల్టు గెలిచాకే పాడైపోయాడు."

చెబుతూనే దాని నవ్వు ఆగిపోయింది. మర్నాడే గుడివాడలో దాని మొదటి పోటీ.

వంటింట్లోంచి మా అమ్మాయి అందుకుంది. "విన్నావామ్మా? గెలిచినోడి గతే అది. ఇక దీని సంగతి చెప్పాలా? మానెయ్యమను."

"మానేస్తాలే" అంది పిల్ల, నేల చూస్తూ.

నాకు ఒకటి అంతుపట్టలేదు. "అలా చెడిపోయినవాడి బొమ్మలెందుకు గీశారే?"

"ఇదొక్కటే కాదు. తర్వాత వచ్చిన బోల్డు బాక్సింగ్ కథల్లో హీరోలు ఈయన పోలికేనంట. సార్ చెప్పారు."

"ఏం పోలిక? తాగడమా?"

"అబ్బా, కాదు!" పుస్తకం లాక్కుని ఒక పేజీ తీసింది. "ఇటు నుంచి చూడు. పడ్డాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. మోకాళ్ల మీదకొచ్చాడు. లేచాడు! ఆ కథల్లో హీరోలంతా ఇలాగే లేస్తారు." ఆ ఊపులో తనే గడ్డం దించి, పిడికిళ్లు మొహానికి అడ్డం పెట్టి నిలబడింది.

"మరి రోడ్డు మీద పడ్డప్పుడు ఎందుకు లేవలేదు?"

పిల్ల పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఈసారి సరైన వైపు నుంచి చూసుకుంటూ వెళ్లాను. పోటీల బొమ్మలన్నిటిలో రింగు మూలన, ఆయన చెమట తుడవడానికి తువ్వాలు పట్టుకుని ఒక ముసలాయన ఉన్నాడు. రోడ్డు మీద పడిన పేజీల్లో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే పిల్లని లేపి, జుట్టు బిగించి రెండు జడలు అల్లి, నేనూ మంచి చీర కట్టుకున్నాను.

"నువ్వెక్కడికమ్మా?" అంది మా అమ్మాయి.

"మూలన నిలబడటానికి."

"సరే, టిఫినన్నా తిననివ్వు దాన్ని."

పిల్ల ఇడ్లీ తినేదాకా ఆగి, తువ్వాలు భుజాన వేసుకుని, దానితో పాటు గుడివాడ బస్సెక్కాను.