హక్కుల మాస్టారు మూసిన పేజీ

మా బడిలో సివిక్స్ మాస్టారిని పిల్లలు హక్కుల మాస్టారు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆయనకు తెలుసు. తెలిసీ మురిసిపోయేవాడు, అదేదో బిరుదైనట్టు. నేను లెక్కల టీచర్ని. పంతొమ్మిదేళ్ళుగా స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ నాది. మా ఇద్దరి తరగతులకూ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డు. అంచేత పౌరుల విధులన్నీ నాకూ కంఠతా వచ్చు.

ఇల్లు, భార్య, ఒక కూతురు అందరికీ ఉన్నట్టే ఆయనకూ ఉన్నారు. మనసు మాత్రం ఒక్కదాని మీదే. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలందరూ ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోవాలి. ఏటా ఒక ఆదివారం బడి వరండాలో బల్ల వేసుకుని, దరఖాస్తులు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. నలుగురు వస్తే గొప్ప.

"చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నారు మాస్టారూ" అన్నాను ఒకసారి.

"వాళ్ళు చెవిటివాళ్ళు కారు మేడం. నా శంఖమే పాతది" అన్నాడు.

పోయినేడు కొత్త శంఖం దొరికింది. మీమ్‌లు. పిల్లలు రోజంతా ఫోన్లలో చూసి నవ్వుకునే ఆ బొమ్మల్నే పాఠంగా పెట్టాడు. "మీ వీధిలో మీకు ఒళ్ళు మండే విషయం ఒకటి తీసుకురండి. అది ఎవరి పనో కనుక్కోండి. ఆ తర్వాత నన్ను నవ్వించండి" అన్నాడు పన్నెండో తరగతితో. ఒకే ఒక్క నియమం పెట్టాడు. పేరు రాయకూడదు, మొహం కనపడకూడదు, పదవి మాత్రమే రాయాలి. మనం అడిగేది కుర్చీని, కూర్చున్నవాణ్ణి కాదు అని చెక్క అడ్డు అదిరేలా చెప్పాడు.

తరగతి పేరు మీద ఒక పేజీ తెరిచారు. నెల తిరిగేసరికి వార్డంతా అదే చూస్తోంది. ఆరిపోయిన వీధి దీపం మీద మీమ్ పెడితే వారంలో దీపం వెలిగింది. పన్నెండు మంది పిల్లలు తమంతట తామే వచ్చి, ఆ ఆదివారం ఎప్పుడు సార్ అని అడిగారట. ఆ రోజు స్టాఫ్ రూములో ఆయన టీ తాగడం కూడా మరిచిపోయాడు.

తర్వాత నీళ్ళ మీమ్ వచ్చింది. మూడో వీధికి నెల రోజులుగా నీళ్ళు సరిగా రావడం లేదు. అది ఎవరి పని అని పిల్లలు వార్డు ఆఫీసు బోర్డు చూస్తే, నీటి విడుదల అన్న పని ఎదురుగా వాల్వ్ ఆపరేటర్ అని ఉంది. రోడ్డు పక్క వాల్వ్ మూత మీద కూర్చుని కునుకు తీస్తున్న ఆయన ఫోటో ఎవరో తీసుకొచ్చారు. మొహం మీద పసుపు రంగు నవ్వు బొమ్మ అతికించారు. పైన "మూడో వీధికి నీళ్ళు వచ్చాయి" అనీ, కింద "వాల్వ్ ఆపరేటర్ గారి కలలోకి" అనీ రాశారు. కింది మాట మా డౌట్ల పిల్లది. ఏ పాఠంలోనైనా చేయెత్తి ఎందుకు అని అడుగుతుందని ఆ అమ్మాయికి ఆ పేరు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా చెల్లెళ్ళకూ పంపాను. దాచడం ఎందుకు?

మూడో రోజు ఆఫీసు వాళ్ళు ఆ బొమ్మ కిందే జవాబు పెట్టారు. ఫిర్యాదుపై చర్య తీసుకున్నాం, సదరు కాంట్రాక్టు ఉద్యోగిని తొలగించాం. చెక్క అడ్డు అవతల పిల్లలు చప్పట్లు కొట్టడం విన్నాను.

ఆ సాయంత్రం మాస్టారూ నేనూ ఆ వాల్వ్ ఆపరేటర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. పిండి మర వెనక ఒకే గది. భార్య కింద కూర్చుని దుకాణాల కోసం కాగితం కవర్లు అంటిస్తోంది. ఆయన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు.

"మీ పిల్లల బొమ్మ బాగుంది సార్. మా బావమరిది పంపితే నేనూ నవ్వాను. ఇంకో ఇద్దరికి పంపాను కూడా. తర్వాత చొక్కా చూసి గుర్తుపట్టాను" అన్నాడు.

"నీళ్ళెందుకు తగ్గాయి?" అని మాస్టారు అడిగాడు.

"ఎటు తిప్పాలో, ఎంతసేపు తిప్పాలో ఇంజినీరు గారు ఫోన్లో చెప్తారు సార్. మూడో వీధికి తగ్గించి ఆ కొత్త మేడల వైపు పెట్టమన్నారు, పెట్టాను. తెల్లారకముందు నుంచీ తిరుగుతాను కదా, చివరి వాల్వ్ దగ్గర కన్ను మూతపడింది. అది మాత్రం నా తప్పే."

ఆయన భార్య ఇంకో కవరు అంటించింది. ఒక్క మాట అన్నా మాకు కొంత తేలికయ్యేది.

తిరిగొచ్చే దారిలో మాస్టారు అన్నాడు, "పేరు వద్దని నేనే చెప్పాను మేడం. వార్డు మొత్తానికి ఆ పదవిలో ఉన్నది ఒక్కడు. పదవి రాస్తే పేరు రాసినట్టే కదా." లెక్కల టీచర్ని, ఆ లెక్క నాకైనా తట్టాల్సింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాం.

నీళ్ళు ఎటు పోతున్నాయో పూర్తి కథ వీడియోగా తీయిస్తానని ఆయన మర్నాడు ఆఫీసుకు వెళ్ళి చెప్పాడు. అక్కడి పెద్దాయన కోప్పడలేదట, కుర్చీ వేయించాడట. "కథలెందుకు మాస్టారూ? మనిషిని మళ్ళీ తీసుకుంటాం. ఆ పేజీ మాత్రం ఉండకూడదు. ఎందుకు మూశారో పిల్లల దాకా వెళ్ళకూడదు. వెళ్ళిందా, ఆయన మళ్ళీ ఇంటికే" అన్నాడట.

ఒప్పుకోవద్దన్నాను నేను. ఆరింది నా పొయ్యి కాదు కాబట్టి తేలిగ్గా అన్నాను. ఆయన మింగలేక కక్కలేక రెండు రోజులు తిరిగి, మూడో రోజు పేజీ మూసేశాడు.

ఆ రోజు నా తరగతికి లెక్కలు ఇచ్చి చెక్క అడ్డు పక్కనే నిలబడ్డాను.

"సార్, వీధిలో అందరూ అంటున్నారు, నీళ్ళు ఇంజినీరు తిప్పించాడంట. ఆ సీటు మీద మీమ్ చేద్దామా?" అంది డౌట్ల పిల్ల.

పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఎదురుచూసిన ప్రశ్న అది.

"వద్దమ్మా. పరీక్షలు దగ్గరపడ్డాయి. పుస్తకం తీయండి."

"పేజీ ఎందుకు మూశారు సార్? మీకు భయమా?"

అవతల సుద్దముక్క బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అవునమ్మా. భయమే" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి అందరికీ నిజం చెప్పేయాలనిపించింది. కానీ నలభై ఒక్క మంది పిల్లల నోట ఏ రహస్యమూ నిలవదు. బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెట్టాను.

నీళ్ళు వదిలే ఆయన పనిలో చేరాడు. మూడో వీధికి ఇప్పటికీ అంతంత మాత్రమే.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఓటరు దరఖాస్తుల ఆదివారం వచ్చింది. ఒంటరిగా కూర్చుంటాడని నేనూ వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. వేరే తరగతుల వాళ్ళు ముగ్గురు వచ్చారు. ఆ నలభై ఒక్కరిలో ఒక్కరూ రాలేదు. సాయంత్రం డౌట్ల పిల్ల గేటు ముందు నుంచి సైకిలు మీద పోతుంటే మాస్టారు లేచి పిలిచాడు. వచ్చి నమస్కారం పెట్టింది.

"నీకు పద్దెనిమిది నిండాయి కదమ్మా. ఒక్క సంతకం పెట్టి వెళ్ళు."

"ఎందుకు సార్?" అంది.

వెటకారం లేదు. చెబితే వినాలనే నిలబడింది. మాస్టారు నోరు తెరిచి, దరఖాస్తు కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కలానికి మూత పెట్టాను. ఇంకాసేపు చూసి, "వస్తాను సార్" అని సైకిలెక్కి వెళ్ళిపోయింది.